నల్లబెల్టు వెనకున్న ఇల్లు

ఈమధ్య కరాటే, జూడో క్లాసుల దగ్గర ఓ చిత్రం గమనిస్తున్నాను. ఒకప్పుడు పిల్లల్ని లోపలికి పంపించి, అమ్మలందరం బయట మెట్లమీద కూర్చుని కూరల ధరలు మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు కొందరు అమ్మలు చెప్పులు విప్పేసి తామూ లోపలికి వెళ్తున్నారు. తెల్లకోటూ పైజామా తొడుక్కుని, పిల్ల పక్కనే వరసలో నిలబడి, పిల్లతోపాటే మాస్టారి చేత చీవాట్లు తింటున్నారు. నాలుగైదేళ్ళు అలా కష్టపడ్డాక ఒకే రోజున తల్లికీ కూతురికీ నల్లబెల్టు! మా కాలనీలోనే అలాంటి తల్లీకూతుళ్ళున్నారు. పరీక్షనాడు తల్లి చేతులు వణికి ముడి సరిగ్గా పడకపోతే, ఏడో తరగతి చదివే కూతురే ముందు మోకాళ్ళమీద కూర్చుని ముడి బిగించిందట.

ఆ ముడి సంగతి విన్నప్పట్నించీ నాకో కుతూహలం. ఈ నల్లబెల్టు అసలు ఎవరు పెట్టారు? మగవాళ్ళ కుస్తీల్లో పుట్టిన వస్తువు మన నడుం దాకా ఎలా వచ్చింది? పుస్తకాలు తిరగేస్తూ పోతే చివరికి ఓ బక్కపలచని బడిపంతులు దగ్గర తేలాను. జపాన్ ఆయన. పేరు కానో జిగోరో. జూడోకి ఆద్యుడని ఆయన్ని లోకమంతా ఎరుగును. ఆ జూడో ఇంట్లోవాళ్ళ దాకా ఎలా వచ్చిందన్నదే నాకు కావలసిన కథ.

జిగోరో 1860లో కోబే పక్కన మికాగే అనే ఊళ్ళో పుట్టారు. బియ్యంతో చేసే సాకే అనే సారా కాచి అమ్మే సంపన్న కుటుంబం తల్లి సదాకోది. తండ్రి ఆ ఇంటికి ఇల్లరికపు అల్లుడు. అయితే మామగారి సారా వ్యాపారం ఆయనకి పట్టలేదు, ఓడల మీద సరుకు రవాణా పనులు, ప్రభుత్వం పనులు చూసుకునేవారు. పిల్లవాడికి పదేళ్ళయినా నిండకముందే తల్లి పోయింది. తండ్రి పిల్లల్ని తీసుకుని టోక్యో చేరారు. చదువు విలువ తెలిసిన మనిషి కనక కొడుకుని పాశ్చాత్యులు పాఠాలు చెప్పే మంచి బడిలో వేశారు.

బడి మంచిదేగానీ తోటిపిల్లలు మంచివాళ్ళు కారు. జిగోరో తెలివైనవాడు, పైగా పీచులా ఉండేవాడు. పద్నాలుగేళ్ళ వయసులో కూడా బరువు నలభై కిలోల పైచిలుకంతే. పెద్దయ్యాక కూడా అయిదడుగుల రెండంగుళాలు దాటలేదు. ఇంకేం, హాస్టల్లో పెద్దపిల్లలందరికీ ఆటవస్తువైపోయాడు. తరగతిలో ముందుండే బక్కపిల్లాడి మీద పడే దెబ్బలెలాంటివో పిల్లల్ని హాస్టళ్ళలో వేసిన తల్లులకి నేను వేరే చెప్పక్కర్లేదు.

చిన్నవాడు పెద్దవాణ్ణి పడగొట్టే విద్య ఒకటుందని, దాని పేరు జుజుత్సు అనీ అతని చెవిన పడింది. ఇంటికొచ్చే తండ్రి స్నేహితుల్లో ఆ విద్య తెలిసినవాళ్ళూ ఉన్నారు. నేర్పమని బతిమాలాడు. ఎవరూ ఒప్పుకోలేదు. రాజుల కాలం పోయింది, కత్తులు కట్టే రోజులు పోయాయి, ఈ కాలం పిల్లాడికి పాతకాలపు విద్య దేనికన్నారు. తండ్రిదీ అదే మాట. కొడుకు ఇంగ్లీషు చదువుకోవాలి, దొరల లెక్కలు నేర్చుకోవాలి... అంతే. నిజానికి ఆ తండ్రిని తప్పుపట్టలేం. మన ఇళ్ళల్లో పదో తరగతి పిల్ల సాయంత్రం క్లాసు మానిపించి ట్యూషన్‌కి పంపేది మనమే కదూ!

కానీ పిల్లవాడు వదల్లేదు. విశ్వవిద్యాలయంలో చేరాక, గురువుని వెతకడానికి ఓ ఉపాయం ఆలోచించాడు. జుజుత్సు గురువులు చాలామంది బతుకుతెరువు కోసం ఎముకలు కట్టే వైద్యం చేసేవాళ్ళు. మన పుత్తూరు కట్టు వేసేవాళ్ళలాగన్నమాట. కాబట్టి ఎముకల వైద్యుల గుమ్మాలెక్కి మీకు జుజుత్సు వచ్చా అని అడుగుతూ తిరిగాడు. అలా 1877లో దొరికిన గురువే ఫుకుదా హచినొసుకే. ఈ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ వస్తుంది. కొడుకు పట్టుదల చూసి తండ్రి కూడా చివరికి సరేనన్నారు.

ఫుకుదాగారి పద్ధతి పాతకాలపుది. ఫలానా పట్టు ఎలా వేయాలండీ అని శిష్యుడు అడిగితే, దగ్గరికి రమ్మని ఎత్తి చాపమీద పడేసేవారట. చెయ్యెక్కడ పెట్టాలీ, కాలెక్కడ పెట్టాలీ అని మళ్ళీ అడిగితే మళ్ళీ పడేసేవారు. పడగా పడగా అదే తెలుస్తుందని ఆయన ఉద్దేశం. జిగోరో రోజూ ఒళ్ళంతా దెబ్బలతో, మందుపట్టీలతో ఇంటికొచ్చేవాడు. అయినా ఎందుకు, ఎలా అన్న ప్రశ్న మానలేదు. ఆ ప్రశ్నే తర్వాత ఆయన్ని గొప్ప పంతుల్ని చేసిందనుకుంటాను. పిల్లలు ఎక్కడ తికమక పడతారో, తికమక పడ్డవాళ్ళకే బాగా తెలుస్తుంది.

తోటి శిష్యుల్లో ఫుకుషిమా అనే భారీ మనిషి ఒకడుండేవాడు. ఎంత ప్రయత్నించినా అతన్ని కదపడం జిగోరో వల్ల కాలేదు. సూమో కుస్తీవాళ్ళ పట్లు అడిగి చూశాడు, లాభం లేదు. చివరికి గ్రంథాలయంలో కూర్చుని పాశ్చాత్యుల కుస్తీ పుస్తకాలు తిరగేసి, మనిషిని భుజాలకడ్డంగా ఎత్తే పట్టు ఒకటి పట్టుకొచ్చాడు. దాంతో ఆ కొండ కదిలింది. పరీక్షకి చదివినట్టు కుస్తీకి చదివినవాణ్ణి ఇతన్నే చూస్తున్నాను!

1879లో అమెరికా మాజీ అధ్యక్షుడు గ్రాంట్ జపాన్ వస్తే, ఆయన ముందు జుజుత్సు ప్రదర్శించినవాళ్ళలో జిగోరో కూడా ఉన్నాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే గురువు ఫుకుదా పోయారు. యాభై దాటి ఒకటి రెండేళ్ళయిందంతే. గురువుగారి కుటుంబం ఆయన దగ్గరున్న విద్యారహస్యాల చుట్టలు ఈ పద్దెనిమిదేళ్ళ కుర్రాడి చేతిలో పెట్టింది. ఆ ఇంటి ఋణం అలా ఆయన మీద ఉండిపోయింది.

ఇంకో ఇద్దరు గురువుల దగ్గర నేర్చుకుని, చదువు ముగించుకుని, 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో ఓ గది తీసుకున్నారు జిగోరో. పన్నెండు చాపలు పట్టే గది, తొమ్మిదిమంది శిష్యులు. అదే కోడోకాన్. మార్గాన్ని నేర్చుకునే చోటని అర్థం. విద్యకి జూడో అని పేరు పెట్టారు. ఇరవయ్యొక్క ఏళ్ళ కుర్ర పంతులు, పగలు బడిలో పాఠాలు, రాత్రిళ్ళు అనువాదాలు చేసి ఆ డబ్బుతో శిష్యుల్ని పోషించడం. వీళ్ళు దభీదభీమని పడుతుంటే గుడి నేలపలకలు విరిగిపోయేవి. లాంతరు పట్టుకుని నేలకిందికి దూరి వాటిని బాగుచేసే పని కూడా ఈ పంతులుగారిదే.

జూడోలో కీలకం బలం కాదు. ఎదుటివాణ్ణి ఎత్తేముందు వాడి నిలకడ తప్పించాలి. ఇది మనకి తెలియని శాస్త్రమేం కాదు. నిండు గ్యాస్ సిలిండరు తిన్నగా ఎత్తాలంటే ఎవరి నడుమైనా విరుగుతుంది. అదే ఓ పక్కకి వంచి అంచుమీద తిప్పుకుంటూ పోతే పదేళ్ళ పిల్ల కూడా వంటింట్లోకి చేర్చేస్తుంది. పాతగురువుల పట్లలో ఈ సూత్రం ఎక్కడో దాగి ఉంది. దాన్ని బయటికి లాగి, ఇది మొదట, ఇది తర్వాత అని పాఠంలా అమర్చింది కానో. ఒళ్ళు విరిచే ప్రమాదకరమైన పట్లని స్వేచ్ఛగా చేసే సాధనలోంచి తీసేశారు. ఎలా పడితే దెబ్బ తగలదో ముందుగా నేర్పారు. మరి ఈ రెండూ లేకపోతే ఏ తల్లయినా పిల్లని పంపుతుందా? తనైనా ఆ చాపమీద అడుగు పెడుతుందా?

ఇక బెల్టు సంగతి. అంతకుముందు గురువులు ఏళ్ళ తరబడి నేర్పి ఎప్పుడో ఒక పత్రం ఇచ్చేవాళ్ళు. మధ్యలో శిష్యుడికి తానెంతవరకూ వచ్చాడో తెలిసేది కాదు. పంతులుగారికి ఇది నచ్చలేదు. మెట్లు కట్టారు. 1883లో సైగో షిరో, తోమితా త్సునెజిరో అనే ఇద్దరు శిష్యులకి మొదటి డాన్ ఇచ్చారు. మరి కొన్నేళ్ళకి, డాన్ వచ్చినవాళ్ళు నల్ల నడికట్టు కట్టుకునే ఆచారం మొదలైంది. కరాటేకి మొదట ఇవేం లేవు. ఒకినావా నుంచి వచ్చిన ఫునకోషి అనే బడిపంతులు 1922లో కానో పిలుపుమీద కోడోకాన్‌లో కరాటే చూపించి, ఆ తర్వాత తెల్లకోటూ నల్లబెల్టూ జూడో నుంచే తీసుకున్నారు. ఇప్పుడు పిల్లలు కట్టే పసుపుపచ్చ, ఆకుపచ్చ రంగులు యూరప్‌లో తర్వాత చేరినవి. అంటే మా కాలనీ కూతురు అమ్మకి బిగించిన ఆ ముడి మూలం ఈయన దగ్గరే ఉంది.

1889లో ప్రభుత్వం పంపగా ఆయన యూరప్ వెళ్ళి అక్కడి బడులు చూసొచ్చారు. 1891లో పెళ్ళి. అమ్మాయి సుమాకో, కొరియాలో జపాన్ దూతగా పనిచేసిన తకెజోయె గారి కూతురు. మొత్తం తొమ్మిదిమంది పిల్లలు, అందులో ఆరుగురు ఆడపిల్లలే! ఆరుగురు ఆడపిల్లల తండ్రి అని చదవగానే మనవైపైతే అయ్యో పాపమంటూ నిట్టూర్చేవాళ్ళే ఎక్కువ.

ఆ రోజుల్లో జపాన్ ఆడపిల్లకి చెప్పే పాఠం మంచి భార్యవి కా, తెలివైన తల్లివి కా అన్నంత వరకే. మోకాళ్ళు దగ్గరగా పెట్టి కూర్చోవాలి, కిమోనో అంచు చెదరకుండా చిన్నడుగులు వేయాలి. అలాంటి చోట 1893లో అషియా సుఎకో అనే ఆవిడ జూడో నేర్పమని అడిగితే కానో ఒప్పుకున్నారు. నలుగురిలో కాదు, ఇంట్లోనే. ఆ ఇంట్లో భార్య సుమాకో కూడా నేర్చుకున్నారు. కూతుళ్ళు పెరుగుతూ ఉంటే వాళ్ళకీ నేర్పారు. భోజనాల దగ్గర కూర్చునే నాన్నే చాపమీద గురువు. ఆ పిల్లలు కాలుజారి పడినప్పుడు ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. కథలు రాసే దాన్ని కనక నాకు ఊహించాలని చెయ్యి లాగుతోందిగానీ, ఊహించను.

అప్పటికి ఆయన టోక్యోలో ఉపాధ్యాయుల్ని తయారుచేసే పెద్ద కళాశాలకి ప్రిన్సిపాల్. మధ్యమధ్య విరామాలున్నా 1920 దాకా ఆ పని చేశారు. చైనా నుంచి వచ్చే విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఒక బడి పెట్టారు, మహారచయిత లూ షున్ కూడా అందులో చదివారు. 1909లో ఆసియా ఖండం నుంచే మొట్టమొదటి ఒలింపిక్ సంఘ సభ్యుడయ్యారు. 1912లో స్టాక్‌హోమ్ పోటీలకి ఇద్దరంటే ఇద్దరు ఆటగాళ్ళని వెంటబెట్టుకు వెళ్ళారు. ఇవన్నీ గొప్పలే. కానీ నా లెక్క వేరే ఉంది. ఇంట్లో ఆడవాళ్ళకి నేర్పడం మొదలెట్టిన 1893 నుంచి, కోడోకాన్‌లో స్త్రీలకి అధికారికంగా ఒక విభాగం తెరిచిన 1926 దాకా ముప్ఫైమూడేళ్ళు! ఇంటి తలుపు తీసినంత సులువుగా సంస్థ తలుపు తీయలేకపోయారు ఆయనగారు కూడా.

ఆ స్త్రీల విభాగానికి పెద్దదిక్కుగా నిలబడిందెవరో తెలుసా? ఆయన పెద్దకూతురు నోరికో. పెళ్ళై వతనుకి వారింటి కోడలైన ఆవిడే, నాన్న ఇంట్లో నేర్చుకున్న చాపమీద ఊళ్ళో ఆడపిల్లలకి దారి చూపింది. నిజమైన జూడో చూడాలంటే స్త్రీల విభాగానికి వెళ్ళి చూడమని కానో అనేవారట. మగవాళ్ళు పోటీల్లో పడి కండబలానికి దిగుతున్నారని ఆయన బాధ. ఆడవాళ్ళ సాధనలో తను కోరుకున్న మెత్తదనం, ఒడుపు మిగిలాయని సంతోషం.

ఆ మెచ్చుకోలు వెనకాల ఓ కట్టుబాటు కూడా ఉంది. ఆడవాళ్ళు పోటీలకి దిగకూడదు. దెబ్బలు తగులుతాయని, పద్ధతి పాడవుతుందని ఆయన భయం. కోడోకాన్‌లో స్త్రీలు కట్టే నల్లబెల్టు కూడా మగవాళ్ళదిలా ఉండేది కాదు. దాని నిడివి పొడుగునా నడిమధ్య ఒక తెల్లగీత. ఇది ఆడవాళ్ళ నల్లబెల్టు సుమా అని దూరం నుంచే చెప్పే గీత! ఇంగ్లండ్ నుంచి సారా మేయర్ అనే నటి 1934లో జపాన్ వచ్చి మగవాళ్ళతోనే కలబడి సాధన చేసింది. ఆవిడకి 1935లో నల్లబెల్టు ఇచ్చింది క్యోటోలోని మరో సంస్థ.

అంతకుముందే ఈ విద్య మన దేశానికీ వచ్చింది. రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌లో నేర్పడానికి కోడోకాన్‌కి చెందిన తకగాకి షింజోని 1929లో పిలిపించారు. ఆయన దగ్గర మగపిల్లలతోపాటు ఆడపిల్లలూ నేర్చుకున్నారు. శాంతినికేతన్‌లో జూడో నేర్చిన ఆ అమ్మాయిల్లో అమితా సేన్ ఒకరు. నోబెల్ బహుమతి అందుకున్న అమర్త్యసేన్ తల్లిగారు! చీరకొంగు బిగించడం మనకి కొత్తకాదు గానీ, తొంభై ఏళ్ళ కిందటే ఓ బెంగాలీ అమ్మాయి జూడో కోటు బిగించిందంటే నాకెంత ముచ్చటేసిందో.

ఇప్పుడు ఫుకుదా పేరు. 1930ల నడుమ తన మొదటి గురువు జ్ఞాపకార్థం జరిగిన కార్యక్రమంలో కానో ఆ ఇంటివాళ్ళని కలిశారు. అందులో గురువుగారి మనవరాలు కెయికో ఉంది. ఇరవై ఏళ్ళు దాటిన పిల్ల. టీ మర్యాదలు, పూల అలంకరణ, అందమైన దస్తూరీ... పెళ్ళికి కావలసినవన్నీ నేర్చుకుంది. అయిదడుగులైనా లేదు, బరువు నలభైఅయిదు కిలోల లోపు. నువ్వూ జూడో నేర్చుకోకూడదూ అని డెబ్భై దాటిన కానో తానే అడిగారు. ఆ పిల్ల తల్లితో వెళ్ళి సాధన చూసింది. ఆడవాళ్ళు కాళ్ళు చాపి పట్లు పట్టడం చూసి నివ్వెరపోయింది. మేనమామో పినతండ్రో, ఇంట్లో ఒకరు వద్దన్నారు. తల్లీ అన్నా సరేనన్నారు. వాళ్ళ లెక్క వేరు, జూడోవాళ్ళల్లో మంచి సంబంధం కుదరకపోతుందా అని! 1935లో చేరింది. అప్పటికి కోడోకాన్‌లో నేర్చుకునే ఆడవాళ్ళు ఇరవైనలుగురు. తాత దగ్గర తీసుకున్న విద్యని మనవరాలి చేతిలో పెట్టి కానో ఋణం తీర్చుకున్నారు.

ఆ ఆనందం ఎక్కువ రోజులు చూడలేదాయన. 1940 ఒలింపిక్స్ టోక్యోకి తెచ్చేందుకు ముసలితనంలో దేశదేశాలు తిరిగారు. 1938 మార్చిలో కైరో సమావేశం ముగించుకుని అమెరికా మీదుగా హికావా మారు అనే ఓడలో వస్తూ, ఇంకో రెండు రోజుల్లో యోకొహామా చేరతారనగా మే 4న న్యుమోనియాతో ఓడమీదే పోయారు. డెబ్భైఏడేళ్ళు. చైనాతో యుద్ధంలో మునిగిన జపాన్ ఆ జులైలోనే ఒలింపిక్స్ మాకొద్దని వదులుకుంది. 1964లో టోక్యోలోనే ఒలింపిక్స్ జరిగి జూడో చేరింది, మగవాళ్ళకి మాత్రమే. ఆడవాళ్ళకి పతకాల పోటీ 1992లో బార్సిలోనాలో.

కెయికోకి పెళ్ళి సంబంధం కుదరలేదు. కుదుర్చుకోలేదనాలేమో. జీవితమంతా జూడోకే ఇచ్చేసింది. 1953లో అయిదో డాన్ వచ్చింది. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళపాటు అక్కడే ఉంచేశారు, ఆడవాళ్ళకి అంతకుమించి ఇవ్వకూడదని. ఆవిడ శిష్యుల తరాలు మారాయి, ఆవిడ బెల్టు మారలేదు. చివరికి నలుగురూ పోరుపెట్టాక 1972లో ఆరో డాన్ ఇచ్చారు. తొమ్మిదోది 2006లో కోడోకాన్ ఇచ్చింది, పదోది 2011లో అమెరికా జూడో సంస్థ. అప్పటికావిడ అక్కడి పౌరురాలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో తొంభై దాటాక కూడా కుర్చీలో కూర్చుని పాఠం చెబుతూ, 2013లో తొంభైతొమ్మిదో ఏట కన్నుమూశారు.

బెల్టు మధ్యలో ఉన్న ఆ తెల్లగీతని జపాన్ దేశవాళీ పోటీల్లో 2017లో తీసేశారు.